దోమలకు జడిసి మూసిన కిటికీ: ఒక గల్లీలో మా రెండు వేసవుల పని

బస్తీ పేరు, వార్డు నంబరు, మనుషుల పేర్లు రాయడం లేదు. తెలంగాణలోని ఒక పెద్ద పట్టణం అనుకుంటే చాలు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని కుటుంబాల వివరాలు కొద్దిగా మార్చాను. కొలతలు, మేం తీసుకున్న నిర్ణయాలు మాత్రం నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

నేను సివిల్‌లో డిప్లొమా చేసి ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పదకొండేళ్లుగా ఆదివారాలు ఒక చిన్న వాలంటీర్ల బృందంతో గడుస్తున్నాయి. అందులో ఇద్దరు తాపీ మేస్త్రీలు, ఒక రిటైర్డ్ టీచరమ్మ, బ్యాంకులో చేసే ఒకాయన ఉన్నారు. మిగతావాళ్లు కాలేజీ పిల్లలు. బస్తీల్లో ఇళ్లకు చిన్న చిన్న రిపేర్లు చేయడం, నలుగురూ వాడుకునే చోట్లు బాగుచేయడం మా పని.

శ్రమదానం మనకు కొత్తేం కాదు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో ఊరివాళ్లు ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరిని నడుపుకున్నారు. కృష్ణా జిల్లా చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి తెల్లవారుజామునే చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కిన వాళ్లున్నారు. ఆ రెండు చోట్లా పనిచేసింది అక్కడ ఉండేవాళ్లే. మేమేమో బయటి నుంచి వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాళ్లం. ఈ కేసులో మా తప్పులు చాలావరకు ఆ తేడాలోనే పుట్టాయి.

మేం వెళ్లిన గల్లీలో 31 ఇళ్లున్నాయి. 19 సిమెంటు రేకులవి, 8 స్లాబువి, 4 ఇనుప రేకులవి. 17 ఇళ్లలో కిరాయికి ఉంటున్నారు. కొందరు ఓనర్లకు 58 జీవో (ప్రభుత్వ జాగాలో కట్టుకున్న పేదల ఇళ్లను క్రమబద్ధం చేసే ఉత్తర్వు) కింద పట్టాలు వచ్చాయి, కొందరికి కరెంటు బిల్లు తప్ప వేరే కాగితం లేదు. గల్లీ ఎంత ఇరుకంటే, బైకు వస్తుంటే ఎదురొచ్చే మనిషి గోడకు అతుక్కుని నిలబడాలి. గల్లీ మొదట్లో ఒక వేపచెట్టు, దాని కింద అందరికీ కలిపి ఒక నల్లా, నల్లా చుట్టూ మడుగు. పక్కనే ఖాళీ ప్లాటు, దాని విరిగిన గోడ, గోడకు ఆనుకుని చెత్తకుప్ప.

మాకు చెప్పింది, మేం విన్నది

ఫిబ్రవరిలో మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) ఆర్‌పీ అక్క, అంటే గల్లీలోని మహిళా సంఘాన్ని చూసుకునే ఆమె, మమ్మల్ని పిలిచింది. గల్లీ పెద్దమనుషులు నలుగురు కూర్చున్నారు. చెత్తకుప్ప తీసేయాలి, ఆ గోడకు రంగులు వేసి బొమ్మలు గీయాలి అన్నారు. మా పిల్లలకు ఉత్సాహం వచ్చింది. నాకూ నచ్చింది. ఒక ఆదివారంలో అయిపోయే పని, కళ్లకు కనిపించే పని, దాంతో గల్లీవాళ్లకు మా మీద నమ్మకం కుదురుతుందని నా లెక్క. ఇలాంటి చోట మొదటి పని చిన్నదిగా, త్వరగా అయ్యేదిగా ఉండాలన్నది ఇప్పటికీ నా అభిప్రాయమే. కానీ ఆ చిన్న పని ఏదో ఎవరిని అడిగి తేల్చాలన్న దగ్గర పొరపాటు పడ్డాను.

ఆ మీటింగు ఉదయం పదకొండింటికి జరిగింది. ఆ టైముకు గల్లీలో ఆడవాళ్లలో ముప్పాతిక మంది ఇళ్లల్లో పనులకో, కూలికో వెళ్లిపోయి ఉంటారు. మా నోట్‌బుక్‌లో ఆ రోజు మాట్లాడినవాళ్ల పేర్లు తొమ్మిది ఉంటే, అందులో ఆడవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆర్‌పీ అక్కే.

తిరిగొచ్చిన చెత్తకుప్ప

మార్చి మొదటి ఆదివారం ట్రాక్టరు పిలిపించి కుప్ప ఎత్తించాం. నేల చదును చేసి, కడిగి, సున్నం చల్లాం. సాయంత్రం ఇద్దరు అమ్మాయిలు పెద్ద ముగ్గు వేశారు. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డు కట్టాం. గోడకు దేవుళ్ల టైల్స్ అంటిస్తే ఎవరూ చెత్త వేయరని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ గల్లీలో మూడు మతాల వాళ్లున్నారు. ఒకరి దేవుణ్ణి కాపలా పెట్టి ఇంకొకరి చెయ్యి ఆపడం రేపు గొడవకు దారి తీస్తుందని టీచరమ్మ గట్టిగా వద్దంది. ఆవిడ మాటే విన్నాం. అదొక్కటీ ఆ రోజు మేం సరిగ్గా చేసిన పని.

తొమ్మిదో రోజుకు కుప్ప మళ్లీ మొలిచింది. బోర్డు కింది నుంచే మొదలైంది.

పిల్లలు చాలా బాధపడ్డారు. 'వీళ్లకు అవగాహన లేదు సార్' అన్నాడొకడు. ఆ మాటతోనే ఆగిపోయి, ఇంకో అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకునేవాళ్లం. కానీ టీచరమ్మ మరుసటి రోజు తెల్లవారుజామున అయిదింటికే వెళ్లి ఆ వేపచెట్టు కింద కూర్చుంది. ఏడున్నర దాకా ఎవరు చెత్త వేస్తున్నారో, ఎటు వెళ్తున్నారో ఊరికే చూసింది.

స్వచ్ఛ ఆటో మెయిన్ రోడ్డు మీదికి ఎనిమిదిన్నరకు వస్తుంది. గల్లీలోకి దూరలేదు కాబట్టి విజిల్ వేసి అక్కడే ఆగుతుంది. పనులకు వెళ్లే ఆడవాళ్లు ఆరున్నరకే బయల్దేరాలి. ఇల్లంతా కలిపి ఒకటే గది, వంట, పడక, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోనే. నిన్నటి తడి చెత్త ఆ గదిలో సాయంత్రం దాకా ఉంచితే పురుగులు పడతాయి. అందుకని కవరు కట్టి, పోతూ పోతూ గల్లీ మొదట్లో పెట్టి వెళ్తున్నారు. ఇల్లు శుభ్రంగా ఉండాలనే అలా చేస్తున్నారు. వాళ్లకు అవగాహన లేదన్న మాటను ఆ రోజే నోట్‌బుక్‌లో కొట్టేశాను.

చెత్త పని చూసే మున్సిపల్ ఉద్యోగి, శానిటేషన్ జవాన్‌ను కలిశాం. ఆటో రూటు కాగితం మీద గీసి చూస్తే, అది బయల్దేరే చోటు ఈ గల్లీకి దగ్గరే. చివర్లో వచ్చే బదులు మొదట్లోనే వచ్చి, ఆరుంబావుకు అయిదు నిమిషాలు ఆగితే వాళ్లకూ తిరుగుడు తగ్గుతుంది. జవాన్ ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా టీ బండి నడిపే పెద్దమ్మ కుప్ప ఉన్న చోటికి తన బండి జరుపుకుంటానంది. కొంచెం ఆలోచించాను, ఎందుకంటే అది ఎవరి సొంత జాగా కాదు, రేపు ఆమెను ఎవరైనా లేపేస్తే ఆ మాట మామీదికి వస్తుంది. కానీ ఖాళీగా ఉన్న చోటే కుప్పవుతుంది, మనిషి కూర్చున్న చోటు అవదు. సరే అన్నాం. ఆటో టైము మారాక కుప్ప మళ్లీ రాలేదు. గోడకు బొమ్మలు మాత్రం ఇప్పటికీ వేయలేదు, ఎవరూ అడగలేదు కూడా.

అసలు సమస్య బయటపడిన సాయంత్రం

తెల్లవారుజామున ఆడవాళ్లు దొరుకుతారని తెలిశాక మా వేళలు మార్చుకున్నాం. ఉదయం ఆరింటికి నల్లా దగ్గరికి, రాత్రి ఎనిమిదింటికి గుమ్మాల ముందుకు వెళ్లడం మొదలుపెట్టాం. అవును, కాదు అని టిక్కులు పెట్టే ఫారం పక్కన పడేశాం. 'ఇంట్లో మీకు ఎక్కువ కష్టంగా ఉండే టైము ఏది?' అని ఒక్కటే అడిగాం.

దాదాపు అందరూ చెప్పిన మాట రాత్రి, నిద్ర. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అక్కడ ఏప్రిల్ మొదట్లోనే పరిస్థితి అలా ఉంది. ఎండ వేడి తగ్గేలా రేకుల మీద సున్నం కొట్టాలని అప్పటికే మాకు ఆలోచన ఉంది కాబట్టి, వెంటనే నిచ్చెన తెచ్చే తొందరలో ఉన్నాం. అప్పుడు ఒక అవ్వ అన్న మాట నన్ను ఆపింది. ఆమె ఇంటికి వెనకవైపు ఒక కిటికీ ఉంది. దానికి సిమెంటు సంచి కుట్టి, మేకులు కొట్టేసింది.

"కిటికీ తెరిస్తే దోమలు పీక్కతింటయ్, మూస్తే పాణం ఉడికిపోతది. మీరు సున్నమేస్తే ఈ సంచి తీయొస్తదా బిడ్డా?"

నాకు జవాబు దొరకలేదు. సిమెంటు రేకు పలచటిది. ఎండకు ఎంత త్వరగా కాగుతుందో, పొద్దుగూకాక అంత త్వరగా చల్లారుతుంది. రాత్రి పదింటికి ఆ గదిని ఉడికించేది రేకు ఒక్కటే కాదు. పగలంతా వేడెక్కిన ఇటుక గోడలు రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతాయి, ఆ గాలి బయటకు పోయే దారి లేదు. కిటికీ తెరిస్తే పోతుంది. తెరవకపోవడానికి కారణం దోమ, దోమకు కారణం గల్లీ మొదట్లో నల్లా చుట్టూ ఉన్న మడుగు, నిండిపోయిన మోరీ, మూత లేని డ్రమ్ములు. మన ఎండల్లో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులు చాలు.

ఆ రాత్రి తొమ్మిదింటికి టీచరమ్మా నేనూ గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, 19 సిమెంటు రేకుల ఇళ్లలో కిటికీ తెరిచినవి ఎన్నో లెక్కపెట్టాం. మూడు. మా పని ఫలించిందో లేదో ఇకపై ఆ అంకెతోనే చూసుకోవాలని అప్పుడే అనుకున్నాం. ఎన్ని గోడలకు రంగులేశాం, ఎంతమంది వాలంటీర్లొచ్చారు అన్న లెక్కలు నోట్‌బుక్‌లో రాయడం మానేశాం. అందరిదైన నల్లాను ముందు బాగుచేయకుండా ఎవరి ఇంటి లోపలికీ చల్లదనం రాదని తేలింది కాబట్టి, పనుల వరుస కూడా మారింది. మొదట నల్లా గద్దె (నల్లా కింది అరుగు), తర్వాత కిటికీలకు జాలీ, ఆ తర్వాతే పైకప్పు.

నల్లా గద్దె

నీళ్లు నిలబడితే గద్దెకు వాటం (నీళ్లు జారే వాలు) సరిగ్గా ఇవ్వలేదని మేస్త్రీలు మొదట అనుకున్నారు. పైన ఒక పొర వేసి వాటం ఇస్తే సరిపోతుందన్నారు. నేను లెవెల్ పైపు తీయమన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, అంతే. నీళ్లు నింపి ఒక కొస ఇక్కడ, ఇంకో కొస అక్కడ పట్టుకుంటే రెండు చోట్లా నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటుంది. గద్దె అంచున ఒక కొస, మోరీ అడుగున ఒక కొస పట్టి టేపుతో కొలిస్తే, మోరీ అడుగే గద్దె కంటే 4 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. నీళ్లు ఎక్కడికి పోతాయి?

ఇలా ఎందుకైందంటే, సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేశారు. రోడ్డుతో పాటు మోరీ అంచులూ అడుగూ లేచాయి. గద్దె మాత్రం పాత ఎత్తులోనే ఉండి గుంటలో పడిపోయింది. చాలా బస్తీల్లో వానొస్తే ఇళ్లల్లోకి నీళ్లు రావడానికీ ఇదే కారణం.

మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి ఇంకుడు గుంత. పిల్లలందరికీ అదే నచ్చింది. నేను వద్దన్నాను. అక్కడే భూమిలో తాగునీటి పైపు పోతోంది, దాని పక్కనే మురుగు ఇంకితే, పైపుకు చిన్న పగులున్నా, నీళ్లు రాని రోజు ఆ మురికి లోపలికి లాక్కుంటుంది. రెండోది మోరీని లోతు చేయడం. అది మున్సిపాలిటీ పని, ఈ వేసవికి అవదు. మూడోది గద్దెనే పైకి లేపడం. దాంతో నల్లా నిలువు పైపునూ లేపాలి, దానికి వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అనుమతి కావాలి. ఆర్‌పీ అక్క సంఘం తరఫున అర్జీ రాయించి 12 మంది ఆడవాళ్లతో వెళ్లింది. వారంలో మంజూరైంది. మేమే వెళ్లి ఉంటే ఇంకా అక్కడ కూర్చునే ఉండేవాళ్లమేమో.

డ్రాయింగు నేను గీశాను. 30 సెంటీమీటర్ల ఎత్తు, మోరీ వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాటం, పైన షాబాద్ బండలు. సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తుంటే ఒకామె తన బిందె తెచ్చి ఆ గీతల మధ్య పెట్టింది.

"నీళ్లు పట్టుకున్నంక బిందె యాడ పెట్టుకోవాలె సార్? కింది నుంచి చంకకెత్తుకుంటే నడుం పోతది. మోకాలెత్తు బండ ఒకటి పక్కకు పెట్టుండ్రి."

వంగి, నిండు బిందె మొదట మోకాలిమీదికి, అక్కడి నుంచి నడుం మీదికి ఎలా లేస్తుందో ఆమె రెండుసార్లు చేసి చూపించింది. రెండోసారి మా మేస్త్రి ఆమె మోకాలి ఎత్తును కర్రతో గుర్తు పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా డ్రాయింగులు చూస్తున్నాను, నీళ్లు పోయే వాటం గురించే ఆలోచించాను గానీ, ఆ బిందెను మోసుకెళ్లే ఒంటి గురించి నాకు తట్టలేదు. అడుగున్నర ఎత్తులో ఒక దిమ్మె కట్టాం. ఇప్పుడు గద్దె మీద అన్నిటికంటే అరిగి మెరుస్తున్నది దాని అంచే.

బండల నున్నటి వైపు కిందికీ గరుకు వైపు పైకీ వచ్చేలా పరిచాం, తడిలో జారకుండా. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి నీళ్లు రాని రోజే పని పెట్టుకున్నాం. మరుసటి రోజు తడి ఆరని గద్దె తొక్కకుండా నల్లాకు పైపు తగిలించి రోడ్డు దాకా లాగాం. గోనె సంచులు పరిచి వారం రోజులు తడిపే బాధ్యత గల్లీ పిల్లలు తీసుకున్నారు. విరిగిన గోడ రాళ్లే లోపల నింపడానికి సరిపోయాయి. మోరీలో పూడిక మున్సిపల్ సిబ్బంది తీశారు. డ్రమ్ములకు పాత చీరల మూతలు, శుక్రవారం డ్రై డే (నిలవ నీళ్లు పారబోసే రోజు) నాడు అన్నీ వంచేయడం సంఘం ఆడవాళ్లు చూసుకున్నారు. మూడు వారాల తర్వాత తెల్ల మగ్గుతో డ్రమ్ముల్లో ముంచి చూస్తే రెండిట్లోనే లార్వా కనిపించింది.

రేకులెక్కడం

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఇక్కడ ఎవరికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం.

గద్దె పని నడుస్తుండగానే, ఆగలేక, ఆరు ఇళ్ల మీద సున్నం మొదలుపెట్టించాను. ఇద్దరు కుర్రాళ్లు రేకు మీద పేరుకున్న నాచు పోవాలని తడపకుండానే ఇనుప బ్రష్‌తో గీకారు. తెల్లటి దుమ్ము లేచింది. సిమెంటు రేకు అంటే మన దగ్గర చాలావరకు ఆస్‌బెస్టాస్ రేకే. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా దాని పీచు పీలిస్తే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నాకు తెలుసు. తెలిసి కూడా ముందు చెప్పలేదు, ఎందుకంటే 'సున్నమే కదా' అనుకున్నాను. అరగంట తర్వాత వచ్చి చూసి ఆపించాను. అదే రోజు మధ్యాహ్నం ఇంకో అబ్బాయి బోల్టుల వరస వదిలి రేకు మధ్యలో కాలు పెట్టాడు. రేకు చిట్లింది, కాలు లోపలికి దిగింది, పక్కనున్న వాసం పట్టుకుని ఆగాడు. కింద గదిలో అప్పుడు ఎవరూ లేరు. పని ఆపేశాం. కొత్త రేకు కొనిచ్చాం. విరిగిన ముక్కలను తడిపి, రెండు మందపాటి కవర్లలో కట్టి, అది ఏమిటో చెప్పి మున్సిపల్ సిబ్బందికి అప్పగించాం.

రెండు వారాలు ఎవరినీ పైకెక్కనివ్వలేదు. తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. రేకు మీద నేరుగా ఎవరూ కాలు పెట్టకూడదు, దూలాల మీద ఆనేలా రెండు పొడవాటి చెక్కలు వేసి వాటి మీదే నడవాలి. వీలైనంతవరకు నిచ్చెన మీద నిలబడి, బొంగుకు కట్టిన చీపురుతోనే వేయాలి. పైన ఒక్కరే ఉండాలి, ఆ సమయంలో గదిలో ఎవరూ ఉండకూడదు. గీకడం, డ్రిల్ చేయడం, కోయడం ఉండవు. నీళ్లతో బాగా తడిపి మెత్తటి చీపురుతో ఊడ్చాలి. పగుళ్లు ఎక్కువున్న రేకు అయితే అసలు ముట్టుకోకూడదు. ఈ చివరి నియమం వల్ల నాలుగిళ్లు వదిలేయాల్సి వచ్చింది. వాళ్లకు సర్దిచెప్పడం కష్టమే అయింది.

సున్నంలోనూ పాఠం నేర్చుకున్నాం. మొదటిసారి చిక్కగా పూసింది ఏప్రిల్‌లో వడగళ్ల వానకు పొరలు పొరలుగా లేచి, చూరు కింది డ్రమ్ముల్లోకి కారింది. తర్వాత రాళ్ల సున్నం ముందురోజే తడిపి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఫెవికాల్ లాంటి జిగురు కలిపి, తడి రేకు మీద పలచగా రెండు పూతలు వేశాం. సున్నం తడిపేటప్పుడు సలసల కాగుతుంది. కళ్లద్దాలు లేకుండా దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే పావుగంట ఆగకుండా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫలితం ఎంత? పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి రెండు ఇళ్లలో థర్మామీటర్లు వేలాడదీసి, వారం పాటు మధ్యాహ్నం మూడింటికి చూశాం. సున్నం వేసిన ఇంట్లో 2 నుంచి 3 డిగ్రీలు తక్కువ. 2017లో హైదరాబాద్‌లో 25 పేదల ఇళ్లకు వేరే రకం తెల్ల కప్పు వేసి చూసినప్పుడు కూడా సగటున 2 డిగ్రీల తేడా వచ్చింది. రెండు డిగ్రీలంటే చిన్నదేం కాదు, మధ్యాహ్నం చంటిబిడ్డ నిద్రపోతుంది. కానీ రాత్రి నిద్ర మాత్రం కిటికీతోనే వచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో చిన్న ఇళ్లకు ఇది తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేసుకోవచ్చు. అలాంటి చిన్న ఇళ్లకు సున్నం, చీపురు, రెండు చెక్కలు ఎవరో ఒకరు అందించాలి.

మే నెలాఖరుకు 13 ఇళ్లకు సున్నం పడింది. 15 కిటికీలకు నైలాన్ జాలీ బిగించాం. అవ్వ ఇంట్లో సంచి తీసిన రోజు నేనున్నాను. మేకులు తుప్పుపట్టి రాలేదు, మేస్త్రి కటింగ్ ప్లేయర్‌తో లాగాడు. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ లెక్కపెడితే 19లో 13 కిటికీలు తెరిచి ఉన్నాయి.

మేం చేసిన మేలు కిరాయి పెంచింది

జూన్‌లో ఒకామె ఫోన్ చేసింది. "ఇల్లు మంచిగైంది కదా, వచ్చే నెల నుంచి ఐదొందలు ఎక్కువియ్యమంటున్నడు సార్." ఒకే ఓనర్‌కు ఆ గల్లీలో మూడు గదులున్నాయి. మూడింటికీ పెంచాడు. రెండు కుటుంబాలు ఎలాగోలా కట్టాయి. ఒక కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాళ్ల ఇంటి కిటికీకి జాలీ నేనే బిగించాను.

ఈ విషయం ముందే ఎందుకు ఆలోచించలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. 17 ఇళ్లు కిరాయివని మొదటి రోజే నోట్‌బుక్‌లో ఉంది. అది ఒక అంకెలాగే మిగిలింది. మేం ఇంటిని చూశాం, ఇంటికీ అందులో ఉండేవాళ్లకూ మధ్య ఉన్న ఒప్పందాన్ని చూడలేదు. ఓనర్‌తో గొడవ పడదామని పిల్లలన్నారు. గొడవ పడితే మిగిలిన రెండు కుటుంబాల మీద ఆ కోపం పడుతుంది. అందుకని వద్దన్నాను. అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను, కానీ ఆ కుటుంబానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

రెండో వేసవికి పద్ధతి మార్చాం. కిరాయి ఇంట్లో పని మొదలుపెట్టే ముందు ఓనర్‌తో కూర్చుంటాం. ఈ పని కారణంగా ఏడాది దాకా కిరాయి పెంచనని ఒక తెల్లకాగితం మీద రాయించి, సంఘం ఆడవాళ్ల ముందు సంతకం తీసుకుంటాం. సామాను ఖర్చులో సగం ఓనర్ పెట్టాలి. ఆ కాగితం కోర్టులో నిలబడుతుందని మేం ఎవరికీ చెప్పలేదు. పదిమంది ముందు పెట్టిన సంతకాన్ని అదే గల్లీలో తిరుగుతూ తప్పడం కష్టం, దాని బలం అంతే. తొమ్మిది మంది ఓనర్లలో ఏడుగురు సంతకం పెట్టారు. ఒప్పుకోని ఇద్దరి ఇళ్లలో ఉండేవాళ్లను వదిలేయడానికి మనసొప్పలేదు. వాళ్లకు గోడకు మేకు కొట్టకుండా, వెల్క్రోతో అంటించే జాలీలు ఇచ్చాం. పోతే మడిచి పట్టుకుపోవచ్చు. రేకు మీద సున్నానికి బదులు కట్టి విప్పుకునే షేడ్ నెట్ ఇచ్చాం.

ఇప్పుడు

రెండో వేసవిలో సున్నం పని మేం చేయలేదు. ఉగాదికి ముందే సంఘం ఆడవాళ్లు మేస్త్రిని పెట్టుకుని వేయించుకున్నారు. నడిచే చెక్కలు, వడకట్టే గుడ్డ, కళ్లద్దాలు ఆర్‌పీ అక్క ఇంట్లో ఉంటాయి. మేం వెళ్లింది రేకుల పగుళ్లు చూడటానికే. ఆషాఢంలో బోనాలకు నల్లా గద్దె చుట్టూ తడి లేకుండా ముగ్గులు పడ్డాయి. చెత్త ఆటో కొత్త డ్రైవర్ వచ్చినప్పుడు నాలుగు రోజులు టైము తప్పింది, నాలుగో రోజు టీ బండి పెద్దమ్మే జవాన్‌కు ఫోన్ చేసింది. వదిలేసిన నాలుగిళ్ల పగుళ్ల రేకులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని మార్చడానికి అయ్యే డబ్బు మా దగ్గర లేదు.

ఖాళీ చేసి వెళ్లిన కుటుంబం ఎక్కడుందో కనుక్కోవడానికి కొన్ని నెలలు పట్టింది. రెండు కిలోమీటర్ల అవతల ఇంకో బస్తీలో ఉన్నారు. ఇనుప రేకుల గది, ఒక్కటే కిటికీ, దానికి అట్టముక్క అడ్డం. ఆమె టీ ఇచ్చింది. కిటికీ కొలత తీసుకున్నాం. ఆ తర్వాత ఓనర్ ఇల్లు ఎక్కడని అడిగి, కాగితం తీసుకుని అటు నడిచాం.